తొవ్వల ఉన్నం

పశువుల డాక్టరుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ బర్రెలతో, గొర్రెలతో, మేకలతో, ఒక్కోసారి కోళ్ళతో కూడా వేగాను. అవేవీ నన్ను అంతగా విసిగించలేదు. బర్రె తన్నదలుచుకుంటే దాని చెవులు ముందే చెబుతాయి. నన్ను నిజంగా ఏడిపించుకు తిన్నది మెకానిక్కులు. రిటైరయ్యాక కూడా దారిలో ఎక్కడైనా బానెట్ లేపిన బండి, దాని లోపలికి వంగిన మనిషి కనబడితే నాకు బీపీ పెరుగుతుంది. మొన్న కొత్తగా పోస్టింగు వచ్చిన ఒక అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, మీరు ఆ మండలంలో పనిచేశారట కదా, ఏమైనా సలహా చెప్పండి" అంది. మందుల గురించో రోగాల గురించో చెబుతానని అనుకుని ఉంటుంది. "ముందు నమ్మకమైన మెకానిక్ ఎవరో తెలుసుకో తల్లీ" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. అది నవ్వే మాట కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఒకదానికొకటి ఆనుకునే చోట ఒక మండలానికి బదిలీ చేశారు. కాలువ నీళ్ళు హాలియా వైపే ఆగిపోతాయి. మా వైపు మిగిలింది గుట్టలు, ఎర్ర చెలకలు, కంది, పత్తి, వాటి మధ్య గొర్రెల మందలు. ఆస్పత్రి చిన్నదే. కానీ పని ఆస్పత్రిలో ఉండదు, మందల దగ్గర ఉంటుంది. మందలు గుట్టల వెనుక ఉంటాయి. అక్కడికి పోవడానికి నాకొక జీపు ఇచ్చారు. నాకంటే ముందు ఎందరు డాక్టర్లు దాన్ని తిట్టుకున్నారో తెలియదు, నేను మాత్రం చార్జి తీసుకున్న రోజే మొదలుపెట్టాను. సంతకం పెట్టి ఎక్కి కూర్చుంటే అది కదలలేదు. అందరం దిగి తోశాం. ఉద్యోగంలో నా స్వాగత సభ అదే.

జీపుతో పాటు ఒక డ్రైవరు కూడా వచ్చాడు. నాకంటే పెద్దవాడు, నేను "అన్నా" అని పిలిచేదాన్ని. మంచి మనిషి. నిద్ర లేవగానే జీపుకు దండం పెట్టేవాడు. స్టీరింగు ముట్టుకుని కళ్ళకద్దుకునేవాడు. ముందు అద్దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టేవాడు. ఇంజన్ ఆయిల్ చూడడం ఒక్కటే మరిచిపోయేవాడు. ఆయనకు బండి మీద ఉన్నది భక్తి. నేను అడిగింది శ్రద్ధ. ఆ రెండింటికీ తేడా చెప్పబోతే, "మనం నమ్ముకున్నంక అదే సూస్కుంటది మేడం" అనేవాడు. అది చూసుకోలేదు. నేను చూసుకోవాల్సి వచ్చింది.

అట్లా నా మెకానిక్కుల వేట మొదలైంది.

మొదటి షెడ్డు బస్టాండు పక్కన. ఆ మెకానిక్ మాట తేనె. ఏ రిపేరు చెప్పినా "మాపటికి అయితది మేడం, ఫికర్ జెయ్యకుండ్రి" అనేవాడు. క్లచ్ పోయింది అంటే మాపటికి. సెల్ఫ్ పట్టడం లేదంటే మాపటికి. ఇంజన్ మొత్తం విప్పాలన్నా మాపటికే. ఏ రోజు మాపు అన్నది మాత్రం చెప్పేవాడు కాదు. నేను సాయంత్రం పోయి చూస్తే నా జీపు ఉన్నచోటే ఉండేది, దాని మీద కోడి పడుకుని ఉండేది. అడిగితే మళ్ళీ అదే మాట, అదే నవ్వు. ఆ నవ్వు చూసి వాదించలేక తిరిగొచ్చేదాన్ని. ఇంటికి వచ్చాక కోపం వచ్చేది.

రెండోది కూడలి దగ్గరి షెడ్డు. అది మా డ్రైవరు షడ్డకుడిది, అంటే ఆయన భార్య చెల్లెలి భర్తది. ఆ సంగతి నాకు చాలా రోజులు తెలియదు. జీపు ఏ ఊరికి పోతున్నా ఆ కూడలి దగ్గరికి రాగానే ఏదో ఒక చప్పుడు చేసేది. "జర సూపిద్దం మేడం" అనేవాడు డ్రైవరు. తెలిసిన రోజు గట్టిగా అడిగాను. ఆయన తల వంచుకుని, "ఆని షెడ్డు దాటి వేరే షెడ్డుకు పోతే మా ఇంట్ల ముద్ద పుట్టది మేడం, అక్కచెల్లెండ్లు గద" అన్నాడు. ప్రభుత్వ జీపు మంచీచెడూ ఇద్దరు అక్కచెల్లెళ్ళ మధ్య నడుస్తోంది. ఈ షడ్డకుడు ఫోన్ చేసినప్పుడల్లా దారిలోనే ఉండేవాడు. "తొవ్వల ఉన్న మేడం, ఇగో, వచ్చిన" అనేవాడు. ఆ మనిషి ఏ తొవ్వలో ఉండేవాడో, అది ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇద్దరిలో ఎవరి దగ్గరికి పోయినా పూజ ఒకే మంత్రంతో మొదలయ్యేది. బానెట్ లేపి, లోపలికి చూసి, నాలుక చప్పరించి, "ఎవరు చేసిండ్రు మేడం గీ పని?" అనేవాళ్ళు. ఏదో చావు ఇంట్లో అడిగినట్టు. ఈయన బిగించింది ఆయన విప్పేవాడు, ఆయన వేసింది ఈయన పీకేవాడు. ఒకసారి నాకు ఒళ్ళు మండి, "మీరే చేసిండ్రు పోయిన నెల" అన్నాను. ఆ షడ్డకుడు ఏమాత్రం తొణకకుండా మరోసారి లోపలికి చూసి, "గట్లనా, అయితే తర్వాత ఎవరో కెలికిండ్రు" అన్నాడు.

ఇంకొక బాధ ఉంది, ఆడపిల్లలకు చెబుతున్నాను. ప్రశ్న నేను అడిగేదాన్ని, జవాబు డ్రైవరుకు చెప్పేవాళ్ళు. "మీరు జర నీడకు కూసోండ్రి మేడం" అనేవాళ్ళు. అప్పుడే ఒక బర్రె కడుపులో అడ్డం తిరిగిన దూడను భుజం దాకా చెయ్యి పెట్టి తీసి, చెయ్యి కడుక్కుని వచ్చిన మనిషిని నేను. క్లచ్ ప్లేటు నాకు అర్థం కాదట. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, నన్ను గౌరవంగా పక్కన పెట్టేవాళ్ళు. ఆ చాయ్‌లు తాగి తాగి నాకు కడుపులో మంట పట్టుకుంది.

మూడో షెడ్డు ఊరి బయట, గుట్టల వైపు పోయే రోడ్డు మీద. అక్కడికి ఒక్కసారే పోయాను. మెకానిక్ నడివయసు మనిషి, ముఖంలో నవ్వు లేదు. చేస్తున్న ట్రాక్టరు పని ఆపకుండానే నా మాట విన్నాడు. నాకే జవాబు చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ జవాబు మాత్రం, "గీ వారం గాదు మేడం. ఐతారం పోనీయుండ్రి" అని. పోనీ మంగళవారం తెస్తామంటే, "మంగళారం నేను ఇంజన్ విప్ప" అన్నాడు. బుధవారం అమావాస్య, ఆ రోజు షెడ్డే తియ్యడట. "మీరు పని చేసే రోజు ఏదన్న ఉన్నదా?" అని అడిగాను. "ఉన్నది మేడం. బేస్తారం" అన్నాడు, అదేదో మామూలు ప్రశ్న అయినట్టు. గురువారం దాకా ఆగే ఓపిక నాకెక్కడిది. సాయంత్రానికి చేసి పెడతానన్న బస్టాండు మనిషి దగ్గరికే జీపును తిప్పమన్నాను. అక్కడ దాన్ని పై గురువారం కూడా దాటించాడన్నది వేరే సంగతి.

ఇక ఆ దసరా.

పండుగకు ముందు, గుట్ట అవతలి ఊరి గొల్ల పెద్దాయన ఫోన్ చేశాడు. ఆయన మందను నేను ఎరుగుదును. కొడుకులు లేరు, చెలక లేదు, ముసలి దంపతులకు ఉన్న ఆధారమంతా ఆ గొర్రెలే. ఏనాడూ ఉత్తపుణ్యానికి ఫోన్ చేసే మనిషి కాదు. గుట్టకు ఆ పక్కనున్న వేరేవాళ్ళ మందలో గొర్రెలు ముక్కులు కారి, నోళ్ళు పుండ్లు పడి, పారుకుని చస్తున్నాయని చెప్పాడు. పోయి చూశాను. పారుడు రోగం. పెద్దాయన మందలోకి ఇంకా రాలేదు. కానీ రెండు మందలూ ఒకే కుంటలో నీళ్ళు తాగుతాయి. ఆ క్షణమే ఈ మందను ఆ నీటి నుంచి తప్పించమని చెప్పాను. టీకా జిల్లా నుంచి తెప్పించాలి, దాన్ని మంచులో పెట్టి తేవాలి, రోగం ఈ మందను ముట్టకముందే పొడవాలి.

దానికి తోడు గొర్రెలు కొనే బేరగాడు దిగాడు. రోగం వాసన మాకంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది. పైగా దసరా, ఇంటింటా యాట తెగే పండుగ. "రేపో మాపో నీవి గూడ పడుతయి, ఇప్పుడే ఇచ్చెయ్" అని ముసలాయన వెంట పడ్డాడట. వచ్చిన కాడికి వదిలించుకుందామా అని ఆయనకు ఊగిసలాట.

"ఒక్కటి గూడ ఇయ్యకు తాతా" అన్నాను ఫోన్లో. "టీకా వచ్చింది. పండుగైనా సరే, రేపు మధ్యాహ్నం లోపల నేను నీ దొడ్డి కాడుంట."

"పక్కా వస్తవా బిడ్డా?"

"పక్కా వస్త."

"అయితే ఆపుత" అన్నాడు.

పండుగ రోజు పొద్దున మంచుపెట్టె సర్దుకుని ఆస్పత్రికి వెళ్ళాను. జీపు చూసి ఆగిపోయాను. మా డ్రైవరు దాన్ని పెళ్ళికొడుకును చేశాడు. కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు బంతిపూల దండ వేశాడు. ఆఫీసులో దేవుడి పటం ముందు జీపు జాకీ, పానాలు, నా సూదుల డబ్బా కూడా పెట్టబోయాడు. డబ్బా మాత్రం లాక్కున్నాను. "పనిముట్లకు పూజ మేడం, రేపు పొద్దుగాల దాంక ముట్టద్దు" అని పానాలను అక్కడే ఉంచాడు. గుమ్మడికాయ పగలగొట్టి బయలుదేరేసరికి ఎండ ముదిరింది. నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. పండుగ పూట పెద్ద మనిషిని ఏమంటాం?

ఊరు దాటామో లేదో, ముందు నుంచి ఏదో తెగిన చప్పుడు. తర్వాత పొగ. బానెట్ లేపితే లోపల కూడా బంతిపూలు.

"ఇదేందన్నా?"

"ఇంజనుకు గూడ ఒక దండ కట్టిన మేడం" అన్నాడు. "పని జేసేదంత అదే గద. బయట రేకుకు దండేసి దాన్ని మర్సిపోతే ఎట్ల?"

ఆ దండ జారి ఫ్యానులో పడి, దారం బెల్టుకు చుట్టుకుని, పాత బెల్టును తెంపేసింది. బెల్టు లేనిది ఫ్యాను తిరగదు, నీళ్ళు తిరగవు, ఇంజన్ కాగిపోతుంది. ఇన్నేళ్ళలో జీపు రకరకాలుగా ఆగింది. భక్తి ఎక్కువై ఆగడం అదే మొదలు.

ఆగింది సరిగ్గా ఆ మూడో మెకానిక్ షెడ్డుకు కనుచూపు మేరలో. అటు పోదామన్నాను. డ్రైవరు ముఖం చిట్లించి, "ఆయనెందుకు మేడం, మావోన్ని పిలుస్త. బెల్టు, పానాలు పట్టుకోని ఉరికొస్తడు" అన్నాడు. ఆ నవ్వని మనిషి ముఖం నాకూ గుర్తొచ్చి సరే అన్నాను. షడ్డకుడు మొదటి రింగుకే ఎత్తాడు. "తొవ్వల ఉన్న, ఇగో, వచ్చిన" అన్నాడు. బస్టాండు ఆయనకు కూడా చేసి చూశాను. ఆయన అత్తగారింట్లో ఉన్నాడు. "మాపటికి వస్త మేడం" అన్నాడు.

పండుగ పూట బస్సుల్లేవు, ఆటోలు లేవు. నాకు తెలిసిన ప్రతి మనిషీ ఏదో ఒక ఊరిలో చుట్టాల మధ్య ఉన్నాడు. రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో మంచుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యమధ్యలో డ్రైవరు ఫోన్ చేసేవాడు. అవతలివాడు ప్రతిసారీ తొవ్వలోనే. పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. "యాడిదాంక వచ్చినవు బిడ్డా?" అన్నాడు. నేనేమన్నాను? "తొవ్వల ఉన్నం తాతా, దగ్గరికొచ్చినం" అన్నాను. అబద్ధమని అనిపించనే లేదు. షడ్డకుడు వచ్చేస్తే నిజమయ్యే మాటే కదా.

మధ్యాహ్నం దాటాక, గుట్టల వైపు నుంచి వచ్చిన ఒక డీసీఎం వ్యాను గొర్రెలతో మా ముందు నుంచే ఊళ్ళోకి పోయింది. వెనుక తలుపు సందులోంచి ఒక గొర్రె మూతి బయటపెట్టి చూస్తోంది. "పండుగ యాటలు మేడం" అన్నాడు డ్రైవరు. నేను దానివైపు చూసి, మళ్ళీ షడ్డకుడు వచ్చే దారివైపు చూశాను.

మరో గంట గడిచింది. ఆ తర్వాత ఫోన్ చేస్తే షడ్డకుడి భార్య ఎత్తి, ఆయన తిని పడుకున్నాడని చెప్పింది. నేను మంచుపెట్టె ఎత్తుకుని మూడో షెడ్డు వైపు నడిచాను. డ్రైవరు వెనకాల రాక తప్పలేదు.

షెడ్డు ఊడ్చి, కల్లాపి చల్లి ఉంది. అమ్మవారి పటం ముందు కొత్త తువ్వాల పరిచి, దాని మీద పానాలు, స్క్రూడ్రైవర్లు, సుత్తెలు వరుసగా పేర్చి, ఒక్కోదానికి బొట్టు పెట్టి ఉంది. మెకానిక్ తెల్ల చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఆ ఏడాదికి ఆ చేతులకు మసి లేని రోజు అదొక్కటే కావచ్చు.

సంగతంతా చెప్పాను. విన్నాడు. "బెల్టు ఉన్నది మేడం" అన్నాడు. నా ప్రాణం లేచివచ్చింది. "కని ఇయ్యాల పని జెయ్య. రేపు పొద్దుగాల టెంకాయ కొట్టి లేపినంక జేస్త."

"అవతల గొర్లు సచ్చిపోతయి."

"ఎర్కనే మేడం."

"ముసలోళ్ళు, వేరే ఆధారం లేదు. రెండు బోల్టులు వదులు చేసి బెల్టు వేసుడే కద."

"రెండైనా ఒకటైనా ముట్టుడు ముట్టుడే. ఏడాదంత నేను సతాయిస్త వాటిని. ఒక్కరోజు కూసుండవెడ్త అన్న. కూసుండవెట్టి మల్ల లేపుతే ఏం మాట?"

నాకు తిక్క రేగింది. "నేనే తీసుకుంట, పాపం నాకే తగలనీయ్" అని ఒక పానా వైపు వంగాను. ఆయన అడ్డం రాలేదు, కదలనైనా కదలలేదు. మా డ్రైవరు మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు మేడం, గా పానా నేను పట్ట" అన్నాడు. ఇంజనుకు దండ కట్టిన మహానుభావుడు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఏమిటో ఆ షెడ్డులో నిలబడి నేర్చుకున్నాను. చదువు, ఉద్యోగం, సంతకం పెట్టే అధికారం అన్నీ ఉండి, ఒక ఇనప ముక్కను కదిలించలేకపోయాను.

"నా ట్రాలీ ఆటో ఉన్నది" అన్నాడు అప్పుడు మెకానిక్. "మా తమ్ముడు తీస్కపోయిండు, అత్తగారింటికి. పొద్దు వాలేటాలకు తెస్తడు. తేంగనే తోల్కపోత మిమ్ముల. పనిముట్లకు తాతీల్ గని నాకు గాదు."

"అంత ఆలస్యమైతే ఎట్ల? జర జల్దీ రమ్మని చెప్పుండ్రి."

"చెప్తే వస్తనంటడు మేడం. రాడు. పొద్దు వాలేటాలకే వస్తడు."

ఆయన భార్య మంచుపెట్టె చూసి, టీకా సీసాలను తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది. పండుగ కూర గిన్నెను బయటికి తీసి మరీ చోటు చేసింది. ఆ కూరతోనే మాకు అన్నం పెట్టింది. వద్దంటే ఊరుకోలేదు. యాట కూర. ముద్ద దిగుతుంటే నాకు కోపమో దుఃఖమో తెలియలేదు, తిన్నాను.

చెయ్యి కడుక్కుంటుండగా పెద్దాయన ఫోన్ మళ్ళీ వచ్చింది. నోరు దాని పని అది చేసింది. "తొవ్వల ఉన్నం తాతా, ఇగో అర్ధగంట" అన్నాను.

మెకానిక్ లేచి వచ్చి చెయ్యి చాపాడు. ఎందుకో అర్థం కాకముందే ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నాడు.

"పెద్దయ్యా" అన్నాడు. "నేను మెకానిక్‌ను. డాక్టరమ్మ జీపు ఖరాబయ్యి నా షెడ్డు కాడున్నది. అర్ధగంటల రాదు. నా బండి ఇంక రాలే. పొద్దు మీ గుట్ట మీదికి వాలినంక నేనే తోల్కొస్త. అంతకు ముందుగాల రాం. గప్పటిదాంక ఉన్నయి ఉంచుతవో ఇస్తవో నీ ఇష్టం." అవతలి మాట కాసేపు విని, "ఆఁ" అని ఫోన్ నాకు తిరిగి ఇచ్చేశాడు.

నాకు మండిపోయింది. గెజిటెడ్ ఆఫీసరును, నా మాటను నా ముందే తీసి పారేశాడు. అంత నిజం చెబితే ముసలాయన ధైర్యం చెడి ఉన్నవన్నీ అమ్మేస్తాడని కూడా భయం. అదే అన్నాను, గొంతు పెంచే అన్నాను. ఆయన తెల్ల చొక్కా చేతులు మడుచుకుంటూ, "మన చేతిల లేని టైము చెప్పి ఏం ఫాయిదా మేడం" అని ఊరుకున్నాడు.

ట్రాలీ ఆయన చెప్పినప్పుడే వచ్చింది. దానికీ దండ ఉంది, బయటే ఉంది. నేను ముందు ఆయన పక్కన ఇరుక్కున్నాను, డ్రైవరు వెనుక మంచుపెట్టె పట్టుకుని నిలబడ్డాడు. గుట్ట కింద దొడ్డి చేరేసరికి పొద్దు సరిగ్గా గుట్ట తల మీద ఉంది.

దొడ్డి సగం ఖాళీ.

పెద్దాయన కంప దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన భార్య నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. డీసీఎం తలుపు సందులోని ఆ మూతి కళ్ళ ముందు కదిలింది.

"మధ్యాహ్నం దాంక సూసిన బిడ్డా" అన్నాడు పెద్దాయన. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "ఫోన్ జేస్తే తొవ్వల ఉన్నమంటివి. మా తొవ్వ గంత పొడుగు గాదు గద. ఇగ రావనుకున్న. బేరగాడు మీదికొచ్చి కూసున్నడు, సూడియి ఏరుకోని పోయిండు."

సూడివి, అంటే కడుపుతో ఉన్నవి. పండుగకు కొయ్యడానికి.

"మల్ల ఇయ్యెందుకు ఉంచినవు తాతా?" అన్నాను మిగిలిన సగం చూపిస్తూ.

"బేరగాడు మల్ల బండి తెస్తనన్నడు, మొత్తం ఇచ్చేద్దమనే అనుకున్నం." ఆయన మెకానిక్ వైపు చూశాడు. "గీయన పొద్దు వాలినంక అని చెప్పిండు. సరే, గంత దాంక సూద్దమని ఆగిన."

ముసలమ్మ అప్పుడు నోరు తెరిచింది. "మీకు మాపటిదాంక వచ్చే వీలు లేకుంటే లేదని పొద్దుగాలనే చెప్తే అయిపోవు గద డాక్టరమ్మా. మేం ఏదో ఒకటి జేసుకుందుము. మాపటిదాంక మంద మొత్తం ఆపుదుము" అంది. సూది తీశాను.

టీకా వేశాను. మెకానిక్ ఒక్కో గొర్రెను కాళ్ళ మధ్య పట్టి నిలబెట్టాడు, ఆ తెల్ల చొక్కా తెలుపు ఎటుపోయిందో. మా డ్రైవరు మందు సీసాలు అందించాడు. పని అయ్యాక పెద్దాయన గుడిసె చూరులోంచి జమ్మి ఆకు తీసి అందరి చేతుల్లో పెట్టాడు. నా చేతిలోనూ పెట్టాడు. పెద్దల కాళ్ళు మొక్కాలి కదా, వంగాను. ముసలమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది, కానీ దీవించలేదు. తిరుగు దారిలో ట్రాలీ చప్పుడులో ఎవరికీ వినపడదని ఏడ్చాను.

మర్నాడు పొద్దున మెకానిక్ టెంకాయ కొట్టి, పానాలు లేపి, రోడ్డు మీద ఉన్న జీపు దగ్గరికే వచ్చాడు. బానెట్ లేపి, లోపలి బంతిపూలు చూసి, "ఎవరు చేసిండ్రు మేడం గీ పని?" అన్నాడు. అన్ని షెడ్లలోనూ నేను విన్న ప్రశ్నే. మొదటిసారి దానికి నా దగ్గర సరైన జవాబు ఉంది. మా డ్రైవరు ఆకాశం వైపు చూశాడు.

ఉంచిన గొర్రెల్లో ఒకటీ అరా తప్ప అన్నీ నిలిచాయి. పోయినవి పోయాయి. ఆ మందను మళ్ళీ పెంచుకోవడానికి ఆ ముసలి దంపతులు ఎంత పడ్డారో నేను చూశాను. దసరా వచ్చినప్పుడల్లా నాకు కూర సహించదు, కారణం అడిగితే ఏదో ఒకటి చెబుతాను.

ఆ తర్వాత అక్కడ ఉన్నన్నాళ్ళూ జీపు ఆ మూడో షెడ్డుకే పోయింది. డ్రైవరు ఇంట్లో ముద్ద పుట్టిందో లేదో నేను అడగలేదు. సుఖంగా ఉందని అనుకోకండి. ఆ మనిషి మంగళవారం ఇంజన్ విప్పడు, అమావాస్యకు షెడ్డు తియ్యడు, ఎంత బతిమాలినా గురువారం అంటే గురువారమే. ఆయనతో వాదించి వాదించి నా జుట్టు తెల్లబడింది. నమ్మకమైన మెకానిక్ దొరికితే జీవితం హాయిగా ఉంటుందని మీతో ఎవరన్నా అంటే నమ్మకండి. కాకపోతే తిట్టుకోవడానికి రోజు ముందే తెలిసి ఉంటుంది, అంతే.

మరుసటి ఏడాది వానలకు ముందు టీకాలు మొదలుపెట్టినప్పుడు, అందరికంటే ముందు ఆ పెద్దాయనకు ఫోన్ చేశాను. పశ్చాత్తాపమో, మొండితనమో. జీపు బాగుంది, టీకా చేతిలో ఉంది, డ్రైవరు పక్కనే ఉన్నాడు. ఈసారి నా మాటకు తిరుగులేదు.

"తాతా, రేపు పొద్దుగాలనే వస్త. మందను మేతకు తోలకుండ దొడ్డిలనే ఆపు" అన్నాను.

అవతల ఆయన ఒక గొర్రెను అదిలించడం వినిపించింది.

"జర గా మెకానిక్‌ను అడుగు బిడ్డా" అన్నాడు. "ఆయన గూడ రేపే అంటే ఆపుత."